పైతేట పప్పు

చౌడమ్మ కందిపప్పును మూడు నీళ్ళు పోసి కడుగుతుంది. మూడో నీళ్ళు తేటగా రాకపోతే నాలుగోసారి కూడా కడుగుతుంది. బడి పప్పులో ఒక్క రాయి వచ్చిందంటే ఆ రాయి సాయంత్రానికల్లా ఊళ్ళో ప్రతి అరుగు మీదా కూర్చుని వస్తుందని ఆమెకు తెలుసు. అందుకే సోమవారం పొద్దున ఆసుపత్రి నర్సమ్మ వచ్చి, బడి వరండాలో బల్ల వేయించుకుని పిల్లల వేళ్ళకు సూది పొడవడం మొదలుపెట్టినా ఆమె తల ఎత్తలేదు. నాలుగో నీళ్ళు పోస్తోంది.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే ఊరు అది. బళ్ళో అరవై ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు, వంటకు చౌడమ్మ ఒక్కతే. నర్సమ్మ చుక్క రక్తం తీసి చేతిలోని చిన్న మిషనుకు అంటించి, రక్తం ఎంతుందో అంకె చదువుతుంటే, పెద్ద టీచరు శిరీష పుస్తకంలో రాసుకుంటోంది. పిల్లలకు అది పరీక్ష మార్కుల్లాగే ఉంది. నాలుగో తరగతి దేవేంద్రకు పన్నెండు వచ్చింది. వాడు పొడిచిన వేలిని జెండా మాదిరి పైకెత్తి వరండా అంతా తిరిగాడు. వాడి నాయన వెంకటేశులు బడి కమిటీకి చైర్మన్. ఆ ఇంట్లో గెలవడం అలవాటు.

మూడో తరగతి దీప వచ్చి చెయ్యి చాపింది. ఏడవలేదు. నర్సమ్మ అంకె చూసి, మిషనును ఒకసారి విదిలించి, ఇంకో వేలికి పొడిచింది. మళ్ళీ అదే అంకె.

"ఏడున్నర," అంది. శిరీష కలం ఆగింది.

ఈ పాప ఎవరి పాప అని నర్సమ్మ అడిగింది. అమ్మా నాయనా మిరపకాయల కోతకు గుంటూరు దిక్కుకు సుగ్గికి పోయినారని, రెండు నెలలకు గానీ రారని, ఇంట్లో ఉండేది అవ్వ ఒక్కతేనని, ఆ అవ్వే ఇక్కడ వండేదని శిరీష చెప్పింది. నర్సమ్మ వంటగది దిక్కు చూసి నవ్వింది. ఆమె మనసులో ఏ చెడూ లేదు.

"ఊరి పిల్లోళ్ళకంతా వండి పెడ్తావు, నీ పిల్లకే రక్తం లేదేమవ్వా?"

వరండాలో ఉన్న పిల్లలు కూడా నవ్వారు. ఎందుకు నవ్వాలో తెలియని చిన్న తరగతి పిల్లలు ఇంకా గట్టిగా నవ్వారు. చౌడమ్మ కడిగిన పప్పును డేగిసాలోకి ఒంపి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. పొయ్యిలో కట్టె ఒకటి ముందుకు తోసింది.

ఆ రోజు అన్నం, చుక్కకూర పప్పు, గుడ్డు. అరవై ఐదు గుడ్లు ఉడకేస్తే ఎప్పుడూ నాలుగైదు పగులుతాయి. పగిలిన వాటిని చౌడమ్మ వేరుగా ఒక మూత మీద పెడుతుంది. పగిలిన గుడ్డు ఎవరి పిల్లకైనా పోయిందంటే మరుసటి పొద్దున వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి ఉంటుంది.

పన్నెండున్నరకు గంట కొట్టారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. ప్రతి పిల్లకూ నోట్లో ఒక మాట సిద్ధంగా ఉంటుంది. ఆ మాటలు ఇళ్ళ నుంచే వస్తాయి. దేవేంద్ర పళ్ళెం చాపుతూనే "కలిపెయ్యవ్వా" అంటాడు. పప్పు డేగిసాలో గట్టిది అడుగుకు పోతుంది, నీళ్ళు పైకి తేలతాయి, గంటె అడుగుదాకా పోనిచ్చి కలిపి వేస్తేనే ముద్ద కలుస్తుంది. అది వాడికి వాళ్ళమ్మ నేర్పింది. ఇంకొకడు "రెండు గంటెలవ్వా" అంటాడు. ఒకటో తరగతి పిల్ల ఒకతి "గుడ్డు ఇంటికి తీసకపోతా" అంటుంది.

వరస సగానికి వచ్చింది. దీప పళ్ళెం చాపింది. చౌడమ్మ అన్నం పెట్టి, మూత మీది గుడ్డు ఒకటి పెట్టి, గంటె ముంచింది. గంటె ఇంకా పళ్ళెం మీదికి రాలేదు, పిల్ల అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు," అంది.

అంతమంది ముందర అంత మాట పడినాక కూడా ఇది ఇట్లా అంటుందే అని చౌడమ్మకు ఒళ్ళు మండింది. వరస వెనక ముప్పై పళ్ళాలు మోగుతున్నాయి. తర్వాతి పళ్ళెం అందుకుంది.

సాయంత్రం ఇంటికి పోయి జొన్నపిండి కలిపి రొట్టెలు తట్టింది. ఉల్లిగడ్డ కారం నూరింది. రొట్టె వేడిగా ఉన్నప్పుడే తుంచి మధ్యలో కాస్త నెయ్యి పూసి పెట్టింది. దీప ఒకటి తిని, రెండోది పెనం మీద ఉండగానే పళ్ళెం మీద చెయ్యి పెట్టింది. చౌడమ్మ ఆ చెయ్యిని పట్టి పక్కకు లాగి, తిట్టడం మొదలుపెట్టింది. బడి ముందర అంగట్లో కారం పొట్లాలు తినితిని నాలుక పాడు చేసుకున్నావని, ఇంట్లో తిండి ఎక్కదని, రక్తమంతా ఆ ఎర్రపొడే తాగేసిందని తిట్టింది. మీ నాయన చిన్నప్పుడు కూర్చుంటే ఆరు రొట్టెలు లేపేవాడని కూడా చెప్పింది. పిల్ల వింటూ కూర్చుంది.  రెండో రొట్టె చల్లబడింది.

మంగళవారం పొద్దున్నే చౌడమ్మ ధనుంజయ అంగడికి పోయింది. బడి గేటుకు ఎదురుగా రేకుల పెట్టె అంగడి అది. పైనుంచి కింది దాకా తోరణాల మాదిరి పొట్లాలు వేలాడుతుంటాయి. ఒక పక్క గాజు పెట్టెలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఆడవాళ్ళు చీకటితోనే శనగ పీకడానికి పోతారు. పొయ్యి వెలిగించే తీరిక ఎవరికీ లేదు. పిల్లల చేతిలో చిల్లర పెట్టి పోతారు, పిల్లలు దాన్ని నేరుగా ఇక్కడికి తెస్తారు. బడి గంట కొట్టే లోపల ఆ అంగడి ముందర తినని పిల్ల ఉండదు.

చౌడమ్మ పోయిపోగానే ధనుంజయను కడిగేసింది. పసిపిల్లల కడుపుల్లో రంగు పోసి బతుకుతున్నావని, తన మనవరాలికి ఇకమీద ఒక్క పొట్లం ఇచ్చినా రేకుల పెట్టెకు నిప్పు పెడతానని అంది. బజ్జీలు తీస్తున్న ధనుంజయ జల్లిగంటెను బాండలి అంచుకు తట్టి, నూనె కారిందాకా ఆగి, అప్పుడు మాట్లాడాడు.

"అవ్వా, నువ్వు కోపం సేసుకోవద్దు. నీ మనవరాలు నా అంగట్లో ఒక్క పొట్లం కొన్యాది లేదు. అందరితోపాటు వచ్చి ఆ బండ మీద కూసుంటాది. దేవేంద్ర వాళ్ళు సింపుకొని తింటాంటే సూస్తాంటాది. మొన్న నాకే పాపమనిపించి ఒకటి ఇయ్యబోతి. సెయ్యి ఎనక్కి పెట్టుకొని, సాలు మామా అనె. పొట్లం ఇంకా సింపనే లేదవ్వా, ఏమి సాలు?"

 ధనుంజయ ఒక బజ్జీ కాగితంలో పెట్టి ఇచ్చాడు. ఆమె వద్దని చెయ్యి ఊపి, ఊపిన ఆ చెయ్యిని చూసుకుంది.

ఆ మధ్యాహ్నం ఆమె వడ్డిస్తూ పిల్లను చూడలేదు. తన గంటెనే చూసింది.

దేవేంద్ర వచ్చాడు. కలిపెయ్యవ్వా. గంటె అడుగు దాకా పోయింది, ఒక చుట్టు తిరిగింది, గట్టి పప్పు ఎత్తుకుని వచ్చింది. వాడి వెనక పిల్లకూ పోయింది. ఏమీ అడగని పిల్లలకు కూడా పోయింది. చెయ్యి ఎవరికీ తక్కువ చెయ్యడం లేదు. దీప పళ్ళెం ముందుకు వచ్చేసరికి అదే చెయ్యి, ఎవరూ ఏమీ చెప్పకముందే, పప్పు మీద పైపైన జారింది. చెరువు నీళ్ళ మీద పైనున్న నాచును తప్పించి ముంచుకున్నట్టు, తేటను ముంచుకుంది. మూత మీద మూడు గుడ్లున్నాయి. మూడింటిలోకీ బాగా పగిలినదాన్ని వేళ్ళు వాటంతట అవే వెతికాయి. మొదట చెయ్యి అడ్డం పెట్టింది పిల్ల కాదు. ముందు వెనక్కి తగ్గింది గంటె. పిల్ల దానికి జవాబు చెబుతోంది, అంతే.

"సాలు," అంది దీప.

ఊళ్ళో ఎవరి పెళ్ళికి ఎన్ని బస్తాల బియ్యం వండారో, ఏ సంవత్సరం హంద్రీ ఏ నెలలో పారిందో అడిగితే చౌడమ్మ కళ్ళు మూసుకుని చెబుతుంది. ఇది ఎప్పుడు మొదలైందో కూడా ఆమెకు తెలుసు. మొదట్లో మనవరాలిని వరసలో అందరికన్నా వెనక నిలబెట్టేది. వండేదాని పిల్ల ముందు తింటే బాగుండదని. అప్పుడు వెంకటేశులు రుచి చూడటానికని వచ్చి, డేగిసాలోకి తొంగి చూసి, అడుగున గట్టిదంతా ఎవరికి దాచినావు చౌడమ్మా అని నవ్వుతూ అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. మరుసటి రోజు నుంచి ఆమె పిల్లను వరస మధ్యకు మార్చి, తేట పోయడం మొదలుపెట్టింది. మాడిన అన్నం ఉంటే అది, పగిలిన గుడ్డు ఉంటే అది. మిగిలిన పప్పును ఇంటికి తీసుకుపోయిందనే మాట రాకుండా, రోజూ అందరూ చూస్తుండగా కుడితి తొట్టిలో పోసి వచ్చేది. ఆ తొట్టి ఎవరి గేదెకు పోతుందో కూడా ఆమెకు తెలుసు.

మంగళవారం రాత్రి ఆమె సరిగా అన్నం తినలేదు. బుధవారం గంట కొట్టగానే వరస దగ్గరికి పోయి, మధ్యలో ఉన్న దీప రెక్క పట్టుకుని ముందుకు తెచ్చి నిలబెట్టింది. పళ్ళెంలో రెండు చేతుల అన్నం పెట్టింది. గంటెను డేగిసా అడుగుకు దింపి, ఒక చుట్టు తిప్పి, గట్టిగా ఎత్తింది. పగలని గుడ్డు ఒకటి ఏరి పెట్టింది. వరసలో గలాటా ఆగిపోయింది. అరవై మంది పిల్లలు ఒక పళ్ళెంలోకి చూస్తున్నారు.

"వాళ్ళవ్వ గదా, దానికి అడుగుది ఏస్తాది," అన్నాడు దేవేంద్ర, కొత్త సంగతి చెబుతున్నట్టు కాకుండా, అందరికీ తెలిసింది చెబుతున్నట్టు.

 దీప అవ్వ దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా అంది.

"అవ్వా, అడుగుది ఎయ్యొద్దు. నిన్ను తీసేస్తారు."

"ఎవరు సెప్పినారే నీకు?"

"నువ్వే గదా సెప్తివి. నేను ఎక్కువ తింటే నిన్ను పనిలో నుంచి తీసేస్తారని."

చౌడమ్మ గంటె పట్టుకునే నిలబడింది. ఎప్పుడు చెప్పింది? ఒకటో తరగతిలో చేర్చిన రోజా? వెంకటేశులు డేగిసాలోకి చూసిన సాయంత్రమా? ఏదో పని చేసుకుంటూ, తల దువ్వుతూ, నవ్వులాటకే అని ఉంటుంది. ఊరి సంగతులన్నీ మోసే తలలో ఆ ఒక్క మాటా లేదు. ఆమె విదిలించి మరిచిపోయినదాన్ని ఎనిమిదేళ్ళ పిల్ల పూటపూటకూ పళ్ళెం మీద అరచేత్తో మోస్తూ వచ్చింది.

పోయి తిను, ఎవరూ ఏమీ అనరు అని పంపింది. దీప స్తంభం పక్కన కూర్చుని, అన్నంలో వేళ్ళు పెట్టి, రెండు ముద్దలు తిని ఆగిపోయింది. పిల్లలంతా తిని చేతులు కడుక్కోవడానికి పోయినాక వంటగదిలోకి వచ్చి, కొరకని గుడ్డును మూత మీద, పగిలిన వాటి పక్కన పెట్టి పోయింది.

సాయంత్రానికి ఆ మాట ఊరు తిరిగింది. పోతూపోతూ లావైంది. చౌడమ్మ మనవరాలికి రెండు గుడ్లు పెట్టిందట. ఇంటికి డబ్బాలో కట్టిందట. గురువారం పొద్దున శిరీష కబురు పంపింది. ఆఫీసు గదిలో వెంకటేశులు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. ముగ్గురు తల్లులు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అందరూ చౌడమ్మకు తెలిసినవాళ్ళే. ఒకతి పురుడు చౌడమ్మే పోసింది.

వెంకటేశులు ఏమీ కోపంగా మాట్లాడలేదు. పెద్దదానివి, నీ మీద మాకు గౌరవముంది, కానీ పిల్లోళ్ళ దగ్గర తేడా చూపిస్తే ఎట్లా అన్నాడు. శిరీష మధ్యలో పడింది. ఆమెకు చౌడమ్మ అంటే ఇష్టమే. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి ఆటో ఎక్కే మనిషి, చైర్మన్‌తో పేచీ పెట్టుకుని ఉండలేని మనిషి. ఒక కాగితం రాసి ఉంచింది. వేలిముద్ర వేస్తే ఇంతటితో అయిపోతుందని, రేపటి నుంచి ఎప్పటిమాదిరే నడుస్తుందని నచ్చజెప్పింది.

చౌడమ్మ బొటనవేలు సిరా దిండు మీద అద్దింది. అద్ది, ఏం రాసినారో ఒకసారి చదవమంది.

"ఇకమీదట నా మనవరాలికి ప్రత్యేకంగా వడ్డించనని హామీ ఇస్తున్నాను," అని శిరీష చదివింది. చదివి కళ్ళు దించుకుంది.

వేలికి సిరా నల్లగా అంటింది. ఎప్పటిమాదిరే అంటే ఏమిటో ఆ గదిలో తెలిసింది చౌడమ్మ ఒక్కదానికే. ఈ వేలు కాగితం మీద పడితే ఐదో తరగతి అయిందాకా పైతేటే. తర్వాత ఎక్కడికి పోయినా, ఎవరింట కోడలైనా, అన్నం పెట్టబోయే ప్రతి చేతికీ ఆ పిల్ల అడ్డం చెప్పే మాట అదే. ఆమె వేలిని కాగితం దాకా తీసుకుపోయింది. మళ్ళీ తెచ్చుకుని కొంగుకు తుడుచుకుంది. ఒక తుడుపుకు పోలేదు.

"ఇన్నేండ్లూ ప్రత్యేకంగానే వడ్డించినాను మేడం. ఎవరూ అడగల్యా."

ఆమె ఏమందో గోడకు ఆనుకున్న తల్లులకు అర్థం కాలేదు. వెంకటేశులుకు అర్థమైందో లేదో తెలియదు.

"అంటే పని వద్దంటావా?" అన్నాడు.

చౌడమ్మ బొడ్లో నుంచి వంటగది తాళంచెవి తీసి కాగితం మీద పెట్టింది. పప్పు నానబెట్టి ఉంచినానని, తొందరగా పొయ్యి మీదికి ఎక్కించకపోతే పిల్లలకు పొద్దుపోతుందని శిరీషకు చెప్పి బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి వెంకటేశులు వదినె అంజినమ్మ వంటగదిలో ఉంది. ముందే మాట్లాడి పెట్టుకున్నట్టు, ఆమె తన కత్తిపీట కూడా తెచ్చుకుంది.

ఆ సాయంత్రం దీప బడి నుంచి వచ్చి సంచి తీయకుండా గడప దగ్గరే నిలబడింది.

"నా గుడ్డు వల్లనేనా అవ్వా?"

"ఏ గుడ్డే? నాకు మోకాళ్ళు పట్టుకున్యాయి. పొగకు కండ్లు పోతాండాయి. నేనే సాలించుకుంటి. ఎన్ని దినాల నుంచో అడుగుతాంటే ఇప్పటికి వదిలినారు."

పిల్ల నమ్మాలని చౌడమ్మ మోకాలు పట్టుకుని, కష్టంగా లేచినట్టు లేచింది. అబద్ధమాడటం ఆమెకు పెద్దగా రాదు. మోకాలు మాత్రం నిజంగానే నొచ్చింది.

శుక్రవారం నుంచి ఆమె శనగ పీకడానికి పోయింది. శనగను మంచు ఉండగానే పీకాలి, ఎండ ముదిరితే కాయ రాలిపోతుంది. చీకటితో పోయి, పన్నెండుకంతా కుప్ప వేసి ఊరిదారి పడతారు. శనగాకు పులుపు చేతి గీతల్లోకి దిగి మండుతుంది. పొయ్యి దగ్గర కాయలు కాచిన చేతులకు ఈ మంట కొత్త. రెండు రోజులకే వేళ్ళ సందులు పగిలాయి. తోటి ఆడవాళ్ళు గుడ్డ పీలికలు చుట్టుకోమన్నారు. చుట్టుకుంటే పట్టు చిక్కడం లేదని విప్పేసింది.

సోమవారం చేని నుంచి వచ్చేటప్పుడు ఆమె మిగిలినవాళ్ళను ముందు పోనిచ్చి, బడి వెనక గోడ పక్కగా నడిచింది. గంట కొట్టిన చప్పుడు వినబడింది. గోడ ఆమె గడ్డం దాకా ఉంది. ఇటుకలు లేచిపోయిన చోట చేతులు ఆనించి లోపలికి చూసింది.

అంజినమ్మ గంటె పట్టుకుని ఉంది. వరస మొదట్లో దేవేంద్ర. వాడు ఈ రోజు ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. పెద్దమ్మ గంటె దానంతటదే అడుగుకు పోయింది, రెండుసార్లు పోయింది. ఇంకో గుడ్డు కూడా వాడి పళ్ళెంలో పడింది. వరసలో ఎవరూ నోరు తెరవలేదు. శిరీష వరండాలో పుస్తకం చూసుకుంటోంది.  అంజినమ్మ మిగిలినవాళ్ళకు కలపకుండా వేస్తోంది, పప్పు సరిగా మెదపలేదు, చుక్కకూర కాడలు గంటె అంచున అట్లే వేలాడుతున్నాయి. చౌడమ్మకు కేకేసి చెప్పాలని నోటి దాకా వచ్చింది.

దీప వంతు వచ్చింది. పళ్ళెం చాపింది. అంజినమ్మ ఆ పిల్ల మొహం వైపు చూడను కూడా లేదు. పక్కన ఎవరితోనో మాట్లాడుతూ, మామూలుగా ఒక గంటె పోసి, చేతికి అందిన గుడ్డు పెట్టి, తర్వాతి పళ్ళెం వైపు తిరిగింది. దీప ఒక క్షణం వంటగది తలుపు దిక్కు చూసింది. అక్కడ ఎవరూ లేరు. పళ్ళెం పట్టుకుపోయి స్తంభం దగ్గర కూర్చుని, ముందు గుడ్డు కొరికింది. తర్వాత అన్నం కలిపింది. తల ఎత్తకుండా, పక్కవాళ్ళను చూడకుండా తినింది. పళ్ళెం అడుగు కనబడినాక లేచి, మళ్ళీ వరస చివరకు పోయి నిలబడింది. ఏదో అడిగింది. అంత దూరానికి మాట వినబడలేదు, పళ్ళెం చాపడం కనబడింది. అంజినమ్మ ఇంకాస్త అన్నం పెట్టి ఇంకో గంటె పోసింది, పిల్ల మళ్ళీ పోయి స్తంభం దగ్గర కూర్చుంది.

రెండేళ్ళు తన చేత్తో వండిపెట్టి తినిపించలేనిది, నాలుగు రోజులు తాను లేకపోతే ఆ పిల్లే తింటోంది. ఆ పిల్ల కాపాడవలసిన అవ్వ ఆ బళ్ళో ఇప్పుడు లేదు.

ముందు పోయిన ఆడవాళ్ళు మలుపు దగ్గర నిలబడి, ఏమవ్వా, రావా అని కేక వేశారు. ఆ కేకకు బళ్ళో పిల్లలు కొందరు గోడ దిక్కు తల తిప్పారు. దీప కూడా, చేతిలో ముద్ద పట్టుకుని, తల ఎత్తబోయింది.

చౌడమ్మ ఇటుకల మీది నుంచి చేతులు తీసేసి, గోడ కింద ముళ్ళకంపలోనే చతికిలబడి కూర్చుంది. లోపల పళ్ళాల చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా కదలలేదు.